నలభై అక్షరాల మెసాకే మామ

మా మెసాకే మామ దేన్నీ, ఎవర్నీ ఊరికే నమ్మడు. "సంతకం ఎవరిది? గడువు ఎప్పటిదాకా?" అన్న రెండు ప్రశ్నలకూ జవాబు రాకపోతే, కట్టుకున్న పెళ్లాం చేతి టీ అయినా సరే ముట్టుకోడు. మా దీవులన్నిటికీ పెద్ద పట్నమైన సువాలో ఇన్ని వేలమంది ఉండగా ఈ జబ్బు ఆయన్నే ఎందుకు పట్టుకుందయ్యా అంటే, ఇరవై రెండేళ్లుగా మా పడవల ఆఫీసులో లినక్స్ సర్వర్లు చూసేది ఆయనే కాబట్టి.

మా ఆఫీసు పని చిన్నదే. చుట్టుపక్కల దీవులకు వెళ్లే పడవలకు టికెట్లు ఇవ్వడం, ఎక్కేవాళ్ల పేర్ల జాబితా అచ్చుతీసి రేవు అధికారుల చేతిలో పెట్టడం. జాబితా లేకపోతే పడవ కదలదు. ఈ పనంతా కౌంటరు వెనక గదిలో ఉన్న సర్వర్లు చేస్తాయి. వాటికి కావలసిన కొత్త సరుకును ఎప్పటికప్పుడు బయటినుంచి దింపుకోవాలి. దాన్నే అప్‌డేట్ అంటాం. దారినపోయేవాడు పంపిందల్లా ఎక్కించుకుంటే కొంప మునుగుతుంది గనక, తయారుచేసినవాళ్లు తమ తాళంచెవితో సంతకం పెట్టి పంపుతారు. తాళంచెవి అంటే ఇనప ముక్క కాదు, ఒక పెద్ద రహస్య సంఖ్య. దానికో వేలిముద్ర ఉంటుంది. అంకెలూ అక్షరాలూ కలిపి నలభై. దానికో గడువు కూడా ఉంటుంది. గడువు తీరిందంటే సర్వర్ మొహం తిప్పేసుకుంటుంది. లోకంలో తక్కినవాళ్లకు ఇది యంత్రాల గొడవ. మా మామకు ఇదే బతుకు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు సంగతి చెబుతాను. సర్వర్ల గది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, నడుముకు లుంగీలా చుట్టుకున్న బూడిదరంగు సులు, ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్లజోడు.

"పేరు?"

"లచ్మయ్య, మామా. అందరూ లచ్ అంటారు."

"అందరూ అంటే ఎవరు? ఏదీ, గుర్తింపు చూపించు."

డ్రైవింగ్ లైసెన్సు తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసేసి చూశాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు అడ్డంపెట్టి చూశాడు.

"ఇది పోయిన మంగళవారంతో అయిపోయింది."

"లైసెన్సు అయిపోతే అయింది, మొహం నాదే కదా మామా!"

"మొహం నీదే అయ్యుండొచ్చు. కానీ గడువు తీరిన మొహం."

అంతే. కొత్త లైసెన్సు వచ్చేదాకా మూడు రోజులు వరండాలో స్టూలు మీద కూచుని పనిచేశాను. వర్షం జల్లు పడుతోందంటే ఒక గొడుగు ఇచ్చాడు గానీ లోపలికి మాత్రం రానివ్వలేదు. నాలుగోరోజు నా చేతిలో వేలెడు వెడల్పు కాగితం ముక్క పెట్టాడు. దానిమీద నాలుగేసి చొప్పున పది గుంపులు, నలభై అక్షరాలు. "ఇది నా వేలిముద్ర. గట్టిగా చదువు, నేను సరిచూస్తా" అన్నాడు. నేను చదివాను. తరవాత ఆయన చదివాడు. ఆదివారాలు చర్చి పాటల బృందంలో అందరికంటే కింది గొంతు ఆయనది. "ఏడు, సి, నాలుగు, ఎఫ్..." అని ఆయన అందుకుంటే కౌంటరు దగ్గర క్యూలో నిలబడ్డవాళ్లు ప్రార్థన మొదలైందనుకుని టోపీలు తీసేశారు.

ఆ కాగితం ముక్కలు సువాలో లేని ఇల్లు లేదు. పెళ్లికెళ్తే పంచుతాడు, పురుటికెళ్తే పంచుతాడు, బస్సులో పక్కన కూచున్నవాడికి దిగేముందు ఒకటి ఇచ్చి దిగుతాడు. వాటితో పొగాకు చుట్టుకున్నవాళ్లున్నారు, ఊగే బల్ల కాలికింద మడిచి పెట్టుకున్నవాళ్లున్నారు. గౌండర్ కొట్లో అయితే వాటిని గోడకు గుచ్చి, పొట్లాల లెక్క రాసుకుంటారు.

అసలు ఆ గౌండర్ కష్టం పగవాడికి కూడా వద్దు. మామ చేపల డబ్బా ఒకటి కొనాలంటే అరగంట.

"నిన్ననే దిగిన సరుకు మామా, కళ్లు మూసుకుని పట్టుకెళ్లు."

"నిన్న అని ఎవరన్నారు?"

"నేనే అంటున్నా కదా!"

"నువ్వు చూశావా దిగడం?"

"మా తమ్ముడు చూశాడు."

"పిలు మీ తమ్ముణ్ణి."

ఇలా ఒకసారి తమ్ముణ్ణి, లారీ తోలినవాణ్ణి, గోడౌను కాపలావాణ్ణి వరసగా పిలిపించి, నలుగురి సాక్ష్యం అయ్యాక డబ్బా అడుగున తేదీ చూసి, "ఇంకా రెండేళ్లు ఉంది, పరవాలేదు" అని కొనుక్కెళ్లాడు. అప్పటినుంచి బూడిదరంగు సులు మలుపులో కనిపిస్తే చాలు, గౌండర్ కౌంటరు కిందికి దూరేవాడు.

ఇంట్లో మాత్రం ఆయనకు తగ్గ ఇల్లాలే దొరికింది. ఒకరోజు వానలో తడుస్తూ ఇంటికెళ్లి తలుపు కొట్టాడట. లోపలినుంచి లితియా అత్త, "ఎవరది?" అంది.

"నేనే."

"నేనే అంటే ఎవరు? సంతకం ఎవరిది?"

మరొకడైతే తలుపు బద్దలు కొట్టేవాడు. మా మామ మొహం వెలిగిపోయింది. వానలో అలాగే నిలబడి నలభై అక్షరాలూ అప్పజెప్పాడు. అత్త లోపల ఫ్రిజ్ మీద అంటించిన కాగితంతో సరిచూసుకుంటూ, ముప్ఫై ఎనిమిదో అక్షరం దగ్గర, "తప్పు. మళ్లీ మొదట్నించీ" అంది. తప్పు లేదని ఆవిడకూ తెలుసు. మర్నాడు ఆఫీసులో తుమ్ముతూ అదే కథ పదిమందికీ చెప్పాడు. "నా పెళ్లాంలాంటి సర్వర్ ఈ సముద్రంలో ఎక్కడా లేదురా!" అని మురిసిపోయాడు.

ఇంతటి మనిషిని మా మేనేజరు రువెని ఎలా భరిస్తున్నాడని అడుగుతారేమో. భరించక చస్తాడా? వాళ్లిద్దరి ఊళ్లదీ తరతరాల వేళాకోళం వరస. ఆ వరసవాళ్లు ఎదురెదురు పడితే ఒకర్నొకరు ఎంత మాటైనా అనొచ్చు, ఎవరికీ కోపం రాకూడదు. కాబట్టి రువెని ఆయన్ని "బావా" అని పిలుస్తూ పళ్లు నూరుకునేవాడు, మామ "బావా" అని పిలుస్తూ అతని నెత్తినెక్కేవాడు.

ఇక వసెమదా సంగతి చెప్పాలి. మా పేర్ల జాబితా ప్రోగ్రాం రాసింది ఆ పిల్లే. చురుకైంది. అందరూ ఆక్లండ్ నుంచి తయారు సరుకు తెప్పించుకుంటుంటే, మన దీవుల పేర్లు, మన ఊళ్ల వరసలు ఎక్కడా తెగకుండా పట్టేలా నాలుగు నెలలు కూచుని తనే రాసింది. తన తాళంచెవితో తనే సంతకం పెట్టేది. రెండేళ్ల కిందట ఒకరోజు కోరో దీవి పడవ జాబితాలో ఒక్క పేరు జారిపోయింది. ఒకే ఒక్కటి. ఖర్మకాలి ఆ పేరు ఒక పాస్టరుగారిది. జాబితాలో లేడని రేవులో ఆయన్ని ఆపేశారు. ఆయన పంది మాత్రం అప్పటికే పడవెక్కి ఉంది. పంది ఒంటరిగా కోరో వెళ్లిపోయింది, పాస్టరుగారు గట్టుమీద గొడుగూపుకుంటూ మిగిలిపోయాడు.

ఊరంతా నవ్వింది. రువెని నవ్వలేదు. క్యూలో ఉన్న అందరి ముందూ ఆ పిల్లమీద గొంతు చించుకున్నాడు. మేమంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చుకుని కూచున్నాం, నేను కూడా. మర్నాటినుంచి వసెమదా రాలేదు. ఓవలావ్ దీవిలో వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. విచిత్రమేమిటంటే, ప్రోగ్రాంను మాత్రం వదల్లేదు. అక్కణ్ణుంచే మరమ్మతులు చేస్తూ, సంతకం పెట్టి పంపుతూనే ఉంది. ఎందుకు చేస్తోందో నేను ఏనాడూ ఆలోచించలేదు. వస్తోంది కదా, ఎక్కిస్తున్నాం కదా, అంతే.

ఇప్పుడు అసలు కథ. ఆ వారం గురువారం వెళ్లే కందావు దీవి పడవనుంచి జాబితాలో ప్రతి ప్రయాణికుడి పక్కనా దగ్గరి బంధువు పేరు కూడా ఉండాలని రేవు అధికారులు కొత్త నియమం పెట్టారు. వసెమదా మూడు వారాల కిందటే ప్రోగ్రాంను మార్చి పంపింది. ఎక్కించాల్సింది నేను. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని బద్ధకించాను. సోమవారం పొద్దున ఎక్కించబోతే సర్వర్ ఎర్రక్షరాల్లో ఒకటే మాట: ఈ తాళంచెవికి పోయిన గురువారంతో గడువు తీరింది, ఈ సంతకం నేను ఒప్పుకోను.

ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను. ఈమెయిల్ పంపాను. ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఈ వృత్తిలో ఉన్నవాడికి తప్ప ఇంకెవడికీ రాని ఆలోచన. తాళంచెవి గడువు పోయిన గురువారం తీరింది కదా? సర్వర్ గడియారాన్ని ఒక వారం వెనక్కి తిప్పేస్తే? దాని దృష్టిలో ఇంకా గడువు తీరనే లేదు! మామ ఇంకా రాలేదు కదా అని ఏడున్నరకు గడియారం తిప్పేశాను. సర్వర్ బుద్ధిగా సరుకు దింపుకోవడం మొదలుపెట్టింది. నా భుజం నేనే తట్టుకున్నాను. వానకు నెట్ నత్తనడక నడుస్తోంది. ఎనిమిదింటికి కౌంటర్లు తెరుచుకున్న సంగతి నాకు తట్టలేదు.

ఎనిమిదీ ఇరవైకి లోసలిని అవ్వ రెండు చాపచుట్టలు చంకలో పెట్టుకుని రేవు గేటునుంచి రొప్పుతూ వచ్చింది.

"నాయనా, గురువారం పడవకు సామాను ముందే వేయిద్దామని వెళ్తే, నేను పోయిన గురువారమే కందావు వెళ్లిపోయానట! నీ టికెట్టే చెబుతోందట!"

"అదేంటవ్వా..."

"నేను వెళ్లిపోతే మరి ఇక్కడ నిలబడ్డదెవరు? నా దయ్యమా?"

ఆవిడ వెనక మరో నలభైమంది. అందరి చేతుల్లోనూ వెళ్లిపోయిన పడవ టికెట్లు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బూడిదరంగు సులు కనిపించింది. మామ టికెట్టు చూశాడు, గోడమీద కేలండరు చూశాడు, నన్ను చూశాడు. లోపలికెళ్లి గడియారం సరిచేశాడు. సగం దిగిన సరుకు అక్కడే ఆగిపోయింది. ఇక ఎవరూ వేలు పెట్టకుండా గడియారానికి తాళం వేసి బయటికొచ్చాడు.

"లచ్, గడువు తీరిందంటే సర్వర్ ఏమంటోంది? 'చాలాకాలమైంది, ఆ మనిషిని మళ్లీ ఒకసారి అడిగి రా' అంటోంది. నువ్వేమో గడియారం చెవి మెలేస్తున్నావు."

ఇంతలో రువెని గదిలోంచి ఊడిపడ్డాడు. "ఇదే నా ఆఖరి మాట. బుధవారం సాయంత్రందాకా చూస్తా. అప్పటికి తేలకపోతే ఆ పిల్ల ప్రోగ్రాం పీకేసి ఆక్లండ్ వాళ్లది పెట్టించేస్తా. వాళ్లు రెడీగా ఉన్నారు."

"ఆక్లండ్ వాళ్ల వేలిముద్ర నువ్వు సరిచూశావా బావా?"

"నా వేలు చూపిస్తా, చాలా?"

"చూపించు. గోరు కత్తిరించి ఎన్నాళ్లయిందో అదీ చూస్తా." అని మామ నావైపు తిరిగాడు. "సంచి సర్దుకో లచ్. రేపు ఓవలావ్ పోతున్నాం. తాళంచెవి ఎవరిదో ఆ మనిషి ఎదురుగా కూచుని, చూసి, విని, తెచ్చుకుంటాం."

మంగళవారం పొద్దున బస్‌స్టాండులో మేం బస్సెక్కబోతుంటే రువెని వచ్చాడు. చంకలో పేపరు చుట్టిన యంగోనా వేళ్ల కట్ట. దంచి నీళ్లలో కలిపి తాగితే నిద్రమత్తు తెప్పించే ఆ వేళ్లే మా దీవుల్లో అన్నిటికంటే మర్యాదైన కానుక. మావైపు చూడకుండా, ఎదురుగా ఉన్న చెత్తడబ్బాతో మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"ఇది ఆ పిల్లకివ్వు బావా. ఎవరిచ్చారని చెప్పకు."

"సంతకం లేని సరుకు నేను మొయ్యను."

"బావా, బస్సు కదులుతోంది!"

"కదలనీ. దీనిమీద నీ పేరు రాయి."

రువెని అటూ ఇటూ చూశాడు. బస్సులో జనమంతా కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు. డ్రైవరు కూడా ఇంజను ఆపి చూస్తున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, పేపరు మీద పేరు రాశాడు.

"ఎందుకిస్తున్నావో అదీ రాయి. లేకపోతే అది ఏ సరుకో ఎలా తెలుస్తుంది?"

చెవులు ఎర్రబడిపోయాయి మా మేనేజరుకు. రాశాడు.

"తేదీ. ఆఁ. గడువు ఎప్పటిదాకా?"

"క్షమించమని అడగడానికి గడువేంటి బావా!" అని అరిచేశాడు రువెని.

"అయితే అదే రాయి. గడువు లేదు అని."

అదీ రాసి, కట్ట మామ చేతుల్లో పడేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. రెండేళ్లుగా ఆ మనిషి మనసులో ఇది ఉందని మాలో ఎవరికి తెలుసు?

దారి పొడుగునా మామ మామే. పడవలో లైఫ్ జాకెట్ల మీద తేదీలన్నీ చదివి, నాలుగింటిని పక్కన పెట్టించాడు. కెప్టెన్ లైసెన్సు అడిగితే ఆయన, "నువ్వా మెసాకే! పోయినసారి చూపించా కదయ్యా!" అని మొత్తుకున్నాడు. "పోయినసారి పోయినసారే" అన్నాడు మామ.

వసెమదా వాళ్ల ఊళ్లో మాత్రం ప్రశ్నలు మామమీదికే తిరగబడ్డాయి. ఊరి పెద్దలు చాపలమీద కూచున్నారు. ఊరి పెద్దల కోసమని మామ విడిగా కొని తెచ్చిన యంగోనా కట్ట వాళ్ల ముందు పెట్టి, చేతులు కట్టుకుని కింద కూచున్నాం. పెద్దలవైపు మాట్లాడేవాడు గొంతు సవరించుకున్నాడు. మీరెవరు, ఏ ఊరు, ఏ వంశం, మీ తల్లి ఎవరింటి పిల్ల, ఈ ఊళ్లో మిమ్మల్ని ఎరిగినవాళ్లెవరు, ఏ పనిమీద వచ్చారు? ఒక్కొక్కటీ నిమ్మళంగా అడిగాడు. మామ అన్నింటికీ జవాబు చెప్పాడు, తన ముత్తవ్వ ఈ దీవి పిల్లేనని కూడా చెప్పాడు. చివరికి పెద్దలు కట్ట అందుకుని చప్పట్లు చరిచారు, అంటే ఊళ్లోకి రమ్మన్నట్టు. మామ కళ్లు చెమ్మగిల్లాయి.

"చూశావా లచ్! ఒక్క ప్రశ్న వదల్లేదు! ఎంత శుభ్రమైన పద్ధతి!"

ఈలోగా వసెమదా వచ్చింది. గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడింది. కాస్త చిక్కింది. కళ్లలో మాత్రం ఆ పాత చురుకు అలాగే ఉంది.

"ఎందుకొచ్చావు మామా?"

మామ కళ్లజోడు పెట్టుకున్నాడు. "ముందు గుర్తింపు చూపించు."

ఊరంతా ఘొల్లుమంది. మూలనుంచి ఆ పిల్ల అమ్మమ్మ తాటాకు విసనకర్ర ఆడిస్తూ, "దీన్ని కడుపులోంచి బయటికి లాగిందే నేను. నా సాక్ష్యం చాలదటయ్యా?" అంది.

"చాలుతుందమ్మా. మరి మీ గుర్తింపు?"

విసనకర్ర వచ్చి మామ నెత్తిన పడింది. ఆ గుర్తింపు ఆయనకు సరిపోయింది. వసెమదా నవ్వాపుకుంటూ వెళ్లి ఓటరు కార్డు తెచ్చింది. మామ రెండువైపులా చూసి, గడువు ఉందని తేల్చాక, రువెని ఇచ్చిన కట్ట ఆమె ముందు పెట్టాడు.

ఆమె పేపరు మీద రాసింది చదివింది. మళ్లీ చదివింది. కట్ట విప్పి వేళ్లు అమ్మమ్మకిచ్చి, ఆ పేపరు ముక్కను మాత్రం నాలుగు మడతలు పెట్టి చేతిలో ఉంచుకుంది. మామ ఎదురుగా చాపమీద కూచుంది.

"గడువు తీరుతోందని నాకు తెలుసు మామా. పొడిగించడం ఎంతసేపు, ఒక్క నిమిషం పని. కావాలనే ఊరుకున్నా. ఆఫీసులో నా పేరు ఎవరికైనా గుర్తుందో లేదో చూద్దామని. ఎవరూ రారనుకున్నా. గడియారం వెనక్కి తిప్పేసుకుని పని కానిచ్చేస్తారనుకున్నా."

మామ నావైపు చూడలేదు. చూడనందుకు ఆయనకు ఈ జన్మంతా రుణపడి ఉంటాను. నేను తలొంచుకుని చాప పోగులు లెక్కపెట్టుకున్నాను.

"సరే, ఇక పని చూద్దాం" అని మామ సంచిలోంచి పాటల పుస్తకం తీశాడు. అందులోంచి పసుపుబారిన కాగితం ముక్క ఒకటి తీశాడు. వసెమదా ఉద్యోగంలో చేరిన రోజు తన చేత్తో రాసిచ్చిన నలభై అక్షరాలు. ఆ పిల్ల తన కంప్యూటరు తెరిచింది. ఆయన ఒక గుంపు చదవడం, ఆమె మరో గుంపు చదవడం. "తొమ్మిది, బి, ఒకటి, ఎ..." మామ గొంతు ఆ ఇంటి దూలాల్లో మోగింది. ఏం జరుగుతోందో ఊరివాళ్లకు అర్థం కాకపోయినా పెద్ద తంతేదో నడుస్తోందని మాత్రం అర్థమైంది. ఒక్కో గుంపు సరిపోయినప్పుడల్లా మూడేసి చప్పట్లు చరిచారు. పదో గుంపు అయ్యేసరికి ముసలివాళ్లు కూడా నడుం నిటారు చేసి కూచున్నారు.

"ఎంతకాలానికి పొడిగించను మామా? పదేళ్లు పెట్టేయనా?"

"ఒక్క ఏడాది."

"మళ్లీ ఏడాదికే ఇంత దూరం వస్తావా?"

"గడువు తీరకపోతే రావడానికి నాకు వంకేది?" అన్నాడు మామ, యంగోనా పోసిన కొబ్బరిచిప్ప అందుకుంటూ.

అయిదో చిప్పకు మామ గోడకు జారగిలబడ్డాడు. అప్పుడు వసెమదా కంప్యూటరు నావైపు తిప్పింది. "లచ్, ఇవి చూడు. నెలకొకటి. రెండేళ్లలో ఇరవై నాలుగు."

అన్నీ మామ పంపిన ఫిర్యాదులు. ప్రోగ్రాంలో ఫలానా లోపం ఉంది, వెంటనే సరిచేయవలెను అని. మొదటిది: ప్రయాణికుడి పేరు డెబ్భై అక్షరాలు దాటితే చివర తెగిపోతున్నది. ఏడోది: ఒకే పేరు, ఒకే వయసు గల అయిదుగురు అన్నదమ్ములు ఎక్కగా జాబితా తికమక పడినది. పదకొండోది: ప్రయాణికుడు పడవలో ఉండగా పుట్టినరోజు వచ్చినచో వయసు ఎంత వేయవలెను? పదహారోది: ఒక పంది తోడు లేకుండా ప్రయాణించదలచినచో దాని దగ్గరి బంధువుగా ఎవరిని రాయవలెను?

రెండేళ్లు ఆ కౌంటరు పక్కనే కూచున్నవాణ్ణి నేను. వీటిలో ఒక్కటీ జరగలేదు. డెబ్భై అక్షరాల మనిషి రాలేదు, అయిదుగురు అన్నదమ్ములు రాలేదు. దిక్కులేని పంది అయితే ఆ ఒక్కసారి తప్ప మళ్లీ కనపడలేదు.

"మొదటి నాలుగూ నిజమే అనుకున్నా" అంది వసెమదా. "అయిదోదానికి అర్థమైంది. అయినా అన్నీ సరిచేశా. ఈ పంది ఉత్తరం వచ్చిన రోజు, ఉద్యోగం మానేశాక మొదటిసారి, కడుపు పట్టుకుని నవ్వా. దగ్గరి బంధువుగా పాస్టరుగారిని రాయమని చెప్పా. దాంతోనే నాకు ఆ బంధువు పేరు గడి ఆలోచన కూడా వచ్చింది. తీరా రేవువాళ్లు అదే నియమం పెట్టారు!"

గౌండర్ తమ్ముణ్ణి కూడా నమ్మని మనిషి, పెళ్లాం టీకి సాక్ష్యం అడిగే మనిషి, నెలనెలా కూచుని కట్టుకథలు అల్లాడన్నమాట! ఒక్కో ఉత్తరం కింద కంప్యూటరు తేల్చిన మాట కూడా ఉంది: సంతకం సరిగ్గా ఉంది, పెట్టినది మెసాకే. ఇరవై నాలుగు పచ్చి అబద్ధాలు, ఇరవై నాలుగు అసలైన సంతకాలు. గోడకు ఆనుకుని గురకపెడుతున్న ఆ పెద్దమనిషిని చూస్తే కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. లేచాక గుర్తింపు అడుగుతాడని ఊరుకున్నాను.

బుధవారం మధ్యాహ్నానికి సువాలో ఉన్నాం. సర్వర్ ఒక్క మాట అనకుండా సరుకు ఎక్కించుకుంది. రువెని మా భుజాల మీదుగా చూస్తూ, "ఆ పిల్ల... ఏమైనా అందా?" అన్నాడు.

"చదివింది. పేపరు దాచుకుంది" అన్నాడు మామ.

రువెని తల ఊపి గదిలోకెళ్లి, ఆక్లండ్ వాళ్లకు వద్దని చెప్పేశాడు. గురువారం కందావు పడవ వేళకే కదిలింది. లోసలిని అవ్వ రెండోసారి వెళ్తున్నానని అందరికీ చెప్పుకుంటూ ఎక్కింది. నూట ముప్ఫై ఒక్క పేర్లు, పక్కన నూట ముప్ఫై ఒక్క బంధువులు. ఒక్కటీ జారలేదు. వసెమదా ఇప్పుడు తన ఊళ్లోనే ఉండి మా ఆఫీసు జీతం మీద పనిచేస్తోంది. నెలకోసారి వచ్చినప్పుడు రువెని తనే టీ పెట్టిస్తాడు. మామ ఆ టీ పాలమీద తేదీ చూసి గానీ ఆమెను తాగనివ్వడు.

ఆ శుక్రవారం ధైర్యం చేసి అడిగాను.

"మామా, ఆ ఇరవై నాలుగు ఫిర్యాదులూ అబద్ధాలే కదా?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"సంతకం సరిపోయిందా?"

"సరిపోయింది."

"గడువు ఉందా?"

"ఉంది."

"మరింకేం కావాలి నీకు? సంతకం ఎవరు రాశారో చెబుతుంది గానీ, నిజమో కాదో చెబుతానని ఎప్పుడైనా అందా? పో, పని చూసుకో."

వెళ్లి నా కుర్చీలో కూచున్నాను. ఇరవై అయిదో ఫిర్యాదు నేనే రాశాను: "ఒక మూర్ఖుడు గడియారం వెనక్కి తిప్పుకుని వచ్చినచో, జాబితాలో వాడికి ఏ తేదీ వేయవలెను?" కింద నా తాళంచెవితో సంతకం పెట్టి ఓవలావ్‌కు పంపించాను. ఇరవై అయిదింటిలో నిజంగా జరిగింది అదొక్కటే.